కంప్యూటర్ చెబితే డాక్టర్ మందు మార్చేస్తారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మ డాలస్‌లో అక్క దగ్గర ఉంది. న్యుమోనియా వచ్చిందని నిన్న ఆస్పత్రిలో చేర్చారు. డాక్టర్ పెద్ద యాంటీబయాటిక్ రాయబోతుంటే కంప్యూటర్‌లో ఏదో మెసేజ్ వచ్చిందట, వెంటనే మామూలు మందుకు మార్చేశారట. జ్వరం కాస్త తగ్గిందంటున్నారు గానీ నాకు టెన్షన్‌గానే ఉంది. ఇలా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చేయొచ్చమ్మా, జ్వరం తగ్గడం కూడా మంచి సూచనే. ఇన్‌స్పైర్ అని అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, 2024లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. 59 ఆస్పత్రుల్లో న్యుమోనియా రోగులపై చేశారు. కొన్ని ఆస్పత్రుల్లో డాక్టర్ పెద్ద మందు, అంటే చాలా రకాల బ్యాక్టీరియాని చంపే యాంటీబయాటిక్, ఆర్డర్ పెట్టగానే, ఆ రోగిలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉండే అవకాశమెంతో కంప్యూటర్ లెక్కగడుతుంది, అది 10 శాతం కన్నా తక్కువైతే మామూలు మందు చాలని చూపిస్తుంది. కాదనుకుంటే డాక్టర్ తన మందే ఇవ్వొచ్చు, చివరి మాట ఆయనదే. అలా చూపించిన చోట మొదటి మూడు రోజుల్లో పెద్ద మందుల వాడకం 28 శాతం తగ్గింది, అయినా ఐసీయూకి మార్చడంలో గానీ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెద్ద మందంటే మంచి మందు అనే నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. వాటిలో కొన్ని కిడ్నీల మీద భారం వేస్తాయి, అనవసరంగా వాడితే తీవ్రమైన విరేచనాలు పట్టుకోవచ్చు, రేపు నిజంగా కావలసిన రోజున అవి పనిచేయకపోవచ్చు కూడా.

కానీ మీ అమ్మగారి విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. కంప్యూటర్ లెక్క రికార్డులో ఉన్న వివరాలతోనే. అమ్మగారు గుంటూరులో మెడికల్ షాపులో కొని మింగిన బిళ్లలు, యూరిన్ ఇన్ఫెక్షన్‌కి చేయించుకున్న ఇంజెక్షన్లు, ఇక్కడ ఆస్పత్రిలో ఉన్న రోజులు, ఇవేవీ డాలస్ రికార్డులో ఉండవు. పైగా మన దేశం నుంచి వెళ్లినవాళ్ల పేగుల్లో మొండి బ్యాక్టీరియా ఉండే అవకాశం అక్కడివాళ్ల కంటే ఎక్కువ. కాబట్టి గత మూడు నెలల్లో వాడిన మందులు, పాత కల్చర్ రిపోర్టులు (ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే ల్యాబ్ పరీక్షలవి) ఇంట్లో వెతికి ఫొటోలు తీసి ఈ రోజే అక్కకి వాట్సాప్‌లో పంపండి, తను డాక్టర్‌కి చూపిస్తుంది. ఇప్పుడు పంపిన శాంపిల్స్ కల్చర్ రిపోర్టు రెండు మూడు రోజుల్లో వస్తుంది, దాన్ని బట్టి మందు మార్చాలా అని అప్పుడు అడగమనండి.

ప్రశ్న: సార్, నేను డ్యూటీ డాక్టర్‌ని. మా ఆస్పత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు, ఏ మందు రాసినా అలర్టే. చదివే టైమ్ లేక అందరం ఓకే కొట్టేస్తున్నాం. దీనివల్ల యాంటీబయాటిక్స్ తగ్గుతాయా?
– వరంగల్

జవాబు: ఇలాగైతే తగ్గవు. పైగా ప్రమాదం, ఎందుకంటే పెన్సిలిన్ అలర్జీ అని వచ్చే అసలైన హెచ్చరికని కూడా అదే చేత్తో ఓకే కొట్టేస్తారు. చాలా అలర్టులు తీసేయించండి. అలర్జీ, క్రియాటినిన్‌ని (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) బట్టి డోసు, 48 గంటలు దాటాక ఈ మందు ఇంకా అవసరమా అనే ప్రశ్న, ఇవి ఉంటే మొదటికి చాలు.

అంతకన్నా ముఖ్యం, ఆ సాఫ్ట్‌వేర్‌కి మీ వార్డుల్లో ఏ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతోందో తెలుసా? పైన చెప్పిన 10 శాతం లెక్క అమెరికా రోగులది, దాన్ని తెచ్చి మన ఐసీయూలో పెడితే కుదరదు. కల్చర్ ఫలితాలు రిజిస్టర్లోనే ఉండిపోతుంటే ముందు హూనెట్‌లోకి ఎక్కించమని మైక్రోబయాలజీ వాళ్లని అడగండి. కల్చర్ ఫలితాలను దాచి లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్ అది, 1989లో బోస్టన్‌లో మొదలైంది, ఉచితం. ఏడాదికోసారి యాంటీబయోగ్రామ్, అంటే ఏ బ్యాక్టీరియా ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో చూపే పట్టిక, తీయండి, ఐసీయూకి విడిగా తీస్తే ఇంకా మంచిది, కాకపోతే ఒక్కో బ్యాక్టీరియాకి కనీసం 30 శాంపిల్స్ లేకుండా వేసిన శాతాన్ని నమ్మొద్దు. అది చేతికొచ్చాక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లని పిలిచి ఆ అంకెలు ఆర్డర్ తెర మీదే కనిపించేలా చేయించుకోండి.