రైతు భరోసా పడుతోంది, పీఎం కిసాన్ ఎందుకు పడట్లేదు?

మీ నాన్నగారికి తెలంగాణ ప్రభుత్వమిచ్చే రైతు భరోసా వస్తోంది, కేంద్రమిచ్చే పీఎం కిసాన్ మాత్రం ఏడాదిగా రావట్లేదు, స్టేటస్‌లో చూస్తే జమ అయినట్టే ఉంది, మధ్యలో ఎవరో కాజేస్తున్నారా అని అడిగారు. తొందరపడి ఎవరినీ అనకండి. నేను ఇలాగే మా ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)తో రైతు వేదికలో అందరి ముందు గొడవ పెట్టుకుని, తర్వాత ఆయనకు మొహం చూపించలేకపోయాను.

మాది జగిత్యాల జిల్లా. అమ్మ పేరున ఎకరం 30 గుంటలు, అందులో పసుపే ఎక్కువ. 2018లో రైతుబంధు (రైతు భరోసాకు పాత పేరు) చెక్కులిచ్చారు, ఆ తర్వాత నుంచి ఆ డబ్బు మండలంలోని బ్యాంకులో పడేది. కిసాన్ రెండు వేలూ మొదట్లో అక్కడికే వచ్చేవి. ఉన్నట్టుండి వరసగా మూడు విడతలు ఆగిపోయాయి.

తేడా ఎక్కడంటే, రైతు భరోసా మనం ఏఈఓకిచ్చిన బ్యాంకు ఖాతా నంబరుకు వెళ్తుంది. కిసాన్ డబ్బు ఇప్పుడు ఆధార్‌ను బట్టి వెళ్తుంది. ఒక ఆధార్‌కు ఎన్ని ఖాతాలున్నా, ప్రభుత్వ డబ్బు పడేది ఒక్కదాంట్లోనే. చివరగా ఏ బ్యాంకు లింక్ చేస్తే అది. మీరు దరఖాస్తులో ఏ నంబరు రాసిచ్చినా లాభం లేదు.

ఆధార్ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' (ఆధార్ ఏ బ్యాంకుకు జతయ్యిందో చూపేది) చూస్తే మేమెప్పుడూ గడప తొక్కని బ్యాంకు పేరు వచ్చింది. అమ్మ కాసేపు ఆలోచించి, "బడి కాడ గొడుగు కింద కూసున్న పిలగాడు ఫ్రీ సిమ్ అన్నడు కదరా, రెండుసార్లు వేలు పెట్టించుకున్నడు" అంది. మొదటి వేలు సిమ్‌కు, రెండోది ఖాతాకు. ఆ ఖాతాలో మూడు విడతలూ, 6,000, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

వాటిని తీయడానికి పడ్డ టెన్షన్ వేరే. పసుపు ఉడకబెట్టే రోజులు, అమ్మ వేళ్లు పగిలిపోయి గీతలే లేవు. మిషన్ బొటనవేలు తీసుకోదు, చూపుడువేలు తీసుకోదు. పక్కనున్న ఒక ముసలాయన "నెత్తికి రాయి బిడ్డా, నూనె అంటుతది" అన్నాడు. అలా రాసి రాసి చివరికి ఎడమచేతి ఉంగరం వేలు పడింది. ఈకేవైసీకి (పథకం కోసం ఆధార్‌తో మనమే అని రుజువు చేసుకోవడానికి) ఇదే కష్టం వస్తే పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసుకోవచ్చు, 2023 నుంచి ఉంది.

తర్వాత మండలం బ్యాంకులో "ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాకే రావాలి" అని ఆధార్ సీడింగ్ ఫారం ఇచ్చాం. ఉత్తగా ఆధార్ జిరాక్స్ ఇచ్చి వస్తే కుదరదు, ఇదొకటి గట్టిగా అడగండి. వారం తర్వాత అదే సైట్‌లో చూస్తే పేరు మారింది. తర్వాతి విడత ఇంటి పాస్‌బుక్‌లోనే పడింది.

జమ అయినట్టు స్టేటస్ చూపిస్తోందంటే మీదీ ఇదే అయ్యుండొచ్చు. అదే స్టేటస్‌లో ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు జత చేయడం) ఎదురుగా 'నో' ఉంటే అది భూమి రికార్డు గొడవ, ఏఈఓ దగ్గరికే వెళ్లాలి. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమైతే కిసాన్ రాదు, వారసత్వంగా వచ్చిందైతే వస్తుంది. కౌలుకు చేసేవాళ్లకు ఇందులో పైసా లేదు, పొలంలో దిగేది వాళ్లే అయినా.

ముందు నాన్నగారిని ఎప్పుడైనా ఫ్రీ సిమ్ తీసుకున్నారా అని అడగండి. మెల్లగా అడగండి, కోపంగా అడిగితే చెప్పరు.