ఓడిన మ్యాచును మీ అబ్బాయి మళ్లీ ఆడుతున్నాడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. వాళ్ల మేనమామ ఇచ్చిన పాత కంప్యూటర్లో ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ అనే ఫుట్‌బాల్ ఆట, అదీ 2001 నాటిది, రాత్రి పొద్దుపోయేదాకా ఆడుతున్నాడు. అందులో బొమ్మలైనా కదలవు, అంతా అక్షరాలూ అంకెలే. అడిగితే ‘ఇలాంటి ఆట ఆడిన ఒకతను ఫ్రాన్సులో పెద్ద జట్టుకు కోచ్ అయ్యాడు, నాదీ అదే దారి’ అంటున్నాడు. ఇంజినీరింగ్ వద్దంటాడేమోనని భయంగా ఉంది. ఆ ఆటలో నిజంగా నేర్చుకునేది ఏమైనా ఉందా? — ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక ఆ ఆటను తెచ్చుకుని నేనూ మూడు రాత్రులు ఆడాను. ఇందులో మనం బంతి తన్నం; మేనేజర్ ఉద్యోగంలో చేరి, ఆటగాళ్లను కొని, జట్టును నడుపుతాం. ఇంగ్లండులో ఒక చిన్న క్లబ్బును ఎంచుకున్నాను. ఆటలో జనవరి నెల రాకముందే యాజమాన్యం నన్ను ఉద్యోగం నుంచి తీసేసింది. కాబట్టి నా మాటల్లో ఎక్కడైనా కాస్త కక్ష కనిపిస్తే దాన్ని పక్కన పెట్టి చదువుకోండి.

ఈ ఆటను పాల్, ఒలివర్ కొలియర్ అనే ఇంగ్లండు అన్నదమ్ములు తయారుచేశారు. మొదటిది 1992లో వచ్చింది. మీ అబ్బాయి ఆడుతున్నది 2001–02 సీజన్ పేరుతో వచ్చినది. 2008లో ప్రచురణ సంస్థ దాన్ని ఉచితంగా వదిలేసింది కాబట్టి దొంగ ప్రతి ఏమోనన్న బెంగ అక్కర్లేదు. అభిమానులు ఇప్పటికీ కొత్త ఆటగాళ్ల పేర్లు చేర్చుకుంటూ దాన్ని ఆడుతున్నారు.

మీకు లోపంగా కనిపించిన ఆ అక్షరాలే దాని అసలు బలం. మ్యాచంతా రేడియో వ్యాఖ్యానంలా ఒక్కో వాక్యంగా వస్తుంది. బొమ్మ లేదు కనుక ‘మనవాళ్లు ఎందుకు ఓడారు’ అన్నది చూసి తెలుసుకునే వీలుండదు, ఊహించి పట్టుకోవాలి. ప్రతి ఆటగాడికీ పాసింగ్ (బంతి అందించడం), టాక్లింగ్ (ఎదుటివాడి నుంచి బంతి లాక్కోవడం), ఫినిషింగ్ (గోల్ కొట్టడం) లాంటి గుణాలకు 1 నుంచి 20 వరకు అంకెలు ఉంటాయి. నిలకడ, పెద్ద మ్యాచుల్లో తట్టుకునే శక్తి, తరచూ గాయపడే స్వభావం లాంటివి మాత్రం తెర మీద కనిపించవు. తెలియని ఆటగాళ్ల అంకెలను సైతం దాచిపెట్టే ఏర్పాటు ఈ 2001 ఆటలోనే వచ్చింది. అప్పుడు స్కౌట్‌ను, అంటే ఆటగాళ్లను గమనించి వచ్చే మనిషిని, పంపి ఆరా తీయాలి. పెళ్లి సంబంధం విషయంలో మనం చేసేది ఇదే కదా! కాగితం మీద జీతం, ఎత్తు, చదువు ఉంటాయి. మనిషి ఎలాంటివాడో తెలియాలంటే నాలుగు చోట్ల వాకబు చేయాలి. సగం సమాచారంతో, చేతిలో కొద్దిపాటి డబ్బుతో, గడువులోగా నిర్ణయం తీసుకోవడాన్ని పదిహేడేళ్ల కుర్రాడికి ఇంత ఓపికగా నేర్పే పాఠ్యపుస్తకం నాకైతే తెలియదు.

పైగా ఆ అంకెలు గాలిలోంచి వచ్చినవి కావు. దేశదేశాల్లో క్లబ్బుల వెంట తిరిగే అభిమానులే వివరాలు సేకరించి పంపేవారు. ఆ తయారీదారులే తరువాత ‘ఫుట్‌బాల్ మేనేజర్’ పేరుతో ఈ ఆటను కొనసాగించారు. ఆటగాళ్లను వెతకడానికి వాళ్ల సమాచారాన్ని వాడుకునేందుకు 2008లో ఇంగ్లండు క్లబ్బు ఎవర్టన్ ఒప్పందమే చేసుకుంది.

ఇక లోపాలు. ఒక పెద్ద తమాషా ముందు చెబుతాను. ఈ 2001 ఆటలో టో మదేరా అనే స్ట్రైకర్ ఉండేవాడు. పోర్చుగల్‌లో గొవేయా అనే చిన్న క్లబ్బు ఆటగాడు, గోల్స్ వర్షం కురిపించేవాడు. ప్రపంచమంతటా కుర్రాళ్లు అతణ్ణి కొని కప్పులు గెలిచారు. తీరా చూస్తే అలాంటి ఆటగాడే లేడు. వివరాలు పంపే అభిమాని ఒకరు కల్పించిన మనిషి! తరువాత తొలగించారు. పట్టికలో ఉన్నంత మాత్రాన నిజం కాదని చెప్పడానికి నేను తరగతిలో ఎన్ని గంటలు మాట్లాడినా ఈ ఒక్క కథకు సాటిరాదు.

బెలారుస్ కుర్రాడు మాక్సిమ్ త్సిగాల్కో కథ ఇలా నవ్వుకునేది కాదు. అతను నిజమైన ఆటగాడే, మిన్స్క్ నగరంలోని దినమో క్లబ్బుకు ఆడాడు. ఆటలో మాత్రం అతణ్ణి ఆపడం ఎవరి తరమూ కాదు. నిజ జీవితంలో గాయాలతో చిన్న వయసులోనే ఆట మానుకున్నాడు, 2020లో 37 ఏళ్లకే చనిపోయాడు. కుర్రాడు ఎంత ఎదగగలడో ఆట ముందే ఒక అంకెలో రాసి దాచిపెడుతుంది. జాతకం రాసినట్టు. జీవితం ఆ అంకెను లెక్కచేయదు.

మరో లోపం: ఎవరు ఎక్కడ నిలబడి ఆడాలనే అమరిక మంచిది ఒకటి దొరికిందంటే దానితోనే ఏళ్ల తరబడి గెలవవచ్చు. ఎదుటి కోచ్ అది గ్రహించి ఎత్తు మార్చడం చాలా అరుదు. అసలు మైదానంలో మూడో మ్యాచుకే మీ ఎత్తు అందరికీ తెలిసిపోతుంది.

అన్నిటికంటే పెద్ద లోటు, ఆటగాడితో మాట్లాడే వీలు దాదాపు లేకపోవడం. ఇక్కడ మన హైదరాబాదు మనిషిని తలచుకోవాలి. బడిపంతులుగా మొదలై భారత జట్టు కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చారు. 1962లో జకార్తాలో డిఫెండర్, అంటే వెనక కాపు కాసే ఆటగాడు, జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి పక్కన కూర్చోబెట్టలేదు, ముందు వరసలో గోల్ కొట్టే ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్ సింగ్‌దే. మీ అబ్బాయి తన ఆటలో తలకు కుట్లున్న డిఫెండర్‌ను ముందు వరసలో పెట్టి చూడమనండి. ఆ అంకెలు ఒప్పుకోవు. ఆ మనిషి ఒప్పుకుంటాడని రహీంకు ఎలా తెలిసిందో నేర్పే బటన్ ఏ ఆటలోనూ లేదు.

మీ అబ్బాయి చెప్పే ఫ్రాన్సు కోచ్ విల్ స్టిల్ అయి ఉంటాడు. 2022లో 30 ఏళ్ల వయసులో రాన్స్ జట్టును చేపట్టి, మొదటి 17 లీగ్ మ్యాచుల్లో ఓడకుండా నిలిపాడు. ఇలాంటి ఆటలు ఆడుతూ పెరిగిన మాట నిజమే. కానీ మధ్యలో ఉన్నది మీ అబ్బాయి వదిలేశాడు. ఆయన ఇంగ్లండులో ఫుట్‌బాల్ శిక్షణ చదివాడు, బెల్జియంలో వీడియో విశ్లేషకుడిగా కింది మెట్టు నుంచి పనిచేశాడు. పై స్థాయి కోచింగ్ లైసెన్సు అప్పటికి లేకపోవడంతో అతని క్లబ్బు మ్యాచుకు 25,000 యూరోల చొప్పున జరిమానా కట్టింది. ఆ ఆటలో మేనేజర్ కావడానికి ఏ సర్టిఫికెట్టూ అడగరు. ఫ్రాన్సులో అడిగారు, మన దగ్గరా అడుగుతారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సులు డి నుంచి మొదలై సి, బి, ఎ మీదుగా ప్రో దాకా మెట్లుమెట్లుగా ఉంటాయి.

ఇంజినీరింగ్ మానమని నేను చెప్పను. కోచ్ కావాలంటే మైదానంలో ఆడిన అనుభవమో, పిల్లలకు నేర్పిన అనుభవమో కావాలి, అది ఉందని మీరు రాయలేదు. అతనికి నచ్చినది అంకెలు చదవడమైతే ఎంపీసీ సరైన చోటే. బీఎస్సీ స్టాటిస్టిక్స్ గానీ, కంప్యూటర్ సైన్స్ గానీ తీసుకుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే మ్యాచ్ విశ్లేషణకు వాడే పనిముట్లే బ్యాంకులోనూ, ఆసుపత్రిలోనూ, ఆటలు తయారుచేసే కంపెనీలోనూ పనికొస్తాయి. స్టాట్స్‌బాంబ్ అనే ఫుట్‌బాల్ లెక్కల సంస్థ కొన్ని పోటీల సమాచారాన్ని ఉచితంగా ఇస్తోంది, డిగ్రీలో చేరకముందే దానితో మొదలుపెట్టవచ్చు. మన దేశంలో ఫుట్‌బాల్ విశ్లేషకుల కొలువులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే అని కూడా అతనికి దాచకుండా చెప్పండి.

ఇప్పుడు నా మొదటి ప్రశ్న. ఓడిపోయినప్పుడు ఆటను మూసేసి, ముందు దాచుకున్న చోటు నుంచి అదే మ్యాచ్ మళ్లీ ఆడుతున్నాడా? ఆ ఆటలో అది చాలా తేలిక. నేనూ రెండుసార్లు చేశాను, అయినా ఉద్యోగం దక్కలేదు. మళ్లీ ఆడేవాడు కాలక్షేపానికి ఆడుతున్నాడు. అందులో తప్పు లేదు, ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా గంటకు పరిమితం చేస్తే చాలు. ఓటమిని అలాగే ఉంచి, కారణం వెతికేవాడైతే సంగతి వేరు.

అది తేల్చుకోవడానికి సెలవుల్లో రెండు పనులు చేయించండి. మొదటిది, ఒక సీజన్ మొత్తం వెనక్కి వెళ్లకుండా ఆడాలి. ఎవరినైనా కొనే ముందు ఎందుకు కొంటున్నాడో నోటు పుస్తకంలో రాయాలి, సీజన్ చివర ఆ కారణం నిలిచిందో లేదో దాని పక్కనే రాయాలి. రెండోది, మీ ఊళ్లో జరిగే ఏదో ఒక కాలేజీ మ్యాచుకు వెళ్లి, బంతిని వదిలేసి ఒక్క డిఫెండర్‌నే తొంభై నిమిషాలు చూడాలి. చూసినది రెండు పేజీలు రాయాలి. ఆ పేజీలు నాకు పంపండి, చదివి మళ్లీ రాస్తాను. వీలైతే అబ్బాయినే ఒకసారి ఫోన్ చేయమనండి, నా జట్టు డిసెంబరులో వరసగా ఎందుకు ఓడిందో అడగాలి.