హన్మకొండ ఫ్లాట్‌లో కామన్ కరెంటు రిపేరు: పైసలు ఎవరు కట్టాలి?

కొత్తగా విదేశాలకు వచ్చి, హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఉన్న ఫ్లాటును కిరాయికి ఇచ్చారా? ఏదో ఒక రోజు వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది: "సెల్లార్‌లో ప్యానెల్ బోర్డు కాలింది, పైసలు పంపండి." పంపేముందు ఒకటి అడగండి: కాలిన వైరు ఎవరెవరికి కరెంటు ఇస్తోంది? ఖర్చు ఎవరిదో దాన్నిబట్టే తేలుతుంది, వైరు ఎక్కడున్నదని కాదు.

మీ మీటరు నుంచి ఇంట్లోని ఎంసీబీ బాక్సు (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్‌ల పెట్టె) దాకా వచ్చే వైరు మెట్ల పక్క నుంచి వచ్చినా సరే, అది మీ ఒక్కరికే పనిచేస్తుంది, ఖర్చు మీదే. మెట్ల లైట్లు, లిఫ్టు, బోరు మోటరు అందరివీ. స్తంభం మీది లైన్లో తేడా ఉంటే కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ చూడాలి, కిరాయిదారును 1912కు ఫోన్ చేయమనండి. మీటరు సీలు మాత్రం ప్రైవేటు ఎలక్ట్రీషియన్ ముట్టుకోవద్దు.

ఎక్కువ గొడవలు మెయిన్ న్యూట్రల్ (అన్ని ఫ్లాట్ల కరెంటు తిరిగి వెళ్లే ఉమ్మడి వైరు) దగ్గరే వస్తాయి. అల్యూమినియం కేబులును ప్యానెల్‌లోని రాగి పట్టీకి (బస్‌బార్) మామూలు లగ్గుతో (వైరు చివర తొడిగే లోహపు తొడుగు) బిగిస్తే కొన్నేళ్లకు వదులై, వేడెక్కి, నల్లబడుతుంది. న్యూట్రల్ తెగితే కొన్ని ఫ్లాట్లలో లైట్లు మసకబారతాయి, ఇంకొన్నింట్లో 230 వోల్టులు రావాల్సిన చోట 400 దగ్గరికి పోయి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. లైట్లు అలా కనబడగానే కిరాయిదారు మెయిన్ ఆపేయాలి. ఈ రిపేరు ఖర్చు అందరిదీ. మళ్లీ మామూలు లగ్గే వేయనివ్వకండి, అల్యూమినియం, రాగి రెండూ ఉండే బైమెటాలిక్ లగ్గు వేయించండి. త్రీఫేజ్ మోటరు మాటిమాటికీ కాలుతుంటే లోపలి తీగ మళ్లీ చుట్టించడానికే (వైండింగు) పైసలు పోయకుండా, మూడు ఫేజుల్లో ఒకటి పోగానే మోటరును ఆపేసే ప్రివెంటర్ పెట్టించమని అపార్ట్‌మెంటు ఓనర్ల సంఘాన్ని అడగండి.

బల్బులు, కామన్ బిల్లు నెలనెలా మెయింటెనెన్స్‌లోంచి కిరాయిదారు కడతారు. కొత్త ప్యానెల్, కేబుల్, మోటరు ఓనరువి. ఇది కిరాయి అగ్రిమెంటులో రాయించుకోకపోతే రెండువైపులా మాట పడాల్సి వస్తుంది.

రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద) నమోదైన అపార్ట్‌మెంటయితే, స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు పనితనంలో లోపం బయటపడి, అది బిల్డరు దృష్టికి తెస్తే ఆయనే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చట్టంలో 14(3) సెక్షన్ అదే. సంఘమే మొదట ఈ విషయం ఆయనకు రాతపూర్వకంగా పంపాలి.

కాలిన చోటి ఫొటో, రెండు కొటేషన్లు, సంఘం పేరిట బిల్లు తెప్పించుకుని, ఎన్‌ఆర్‌వో ఖాతా (విదేశాల్లో ఉన్నవాళ్లు ఇండియాలోని ఆదాయం కోసం తెరిచే బ్యాంకు ఖాతా) నుంచి కట్టండి. పన్నులో ఈ రిపేరును విడిగా చూపలేరు. కిరాయి ఆదాయంలో మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాని మీద ఇచ్చే 30 శాతం తగ్గింపులోనే ఇదీ కలిసిపోతుంది.