ఆదివారం వండి దాచిన కూరలు, అత్తగారి అభ్యంతరం

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. మావారిది సాఫ్ట్‌వేర్. ఇద్దరు పిల్లలు. మేమిద్దరం ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. అందుకే రెండేళ్లుగా ఆదివారం పొద్దున వారానికి సరిపడా పప్పు, కూరలు, చికెన్ వండి, సాయంత్రం పూర్తిగా చల్లారాక డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడుతున్నాను. రోజూ ఉదయం ఒక డబ్బా గట్టు మీద పెట్టి ఆఫీసుకు వెళ్తే రాత్రికి కరిగి ఉంటుంది, వేడి చేసుకుంటాం. మామగారు పోయాక అత్తగారు తెనాలి దగ్గరి పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేశారు. మోకాళ్ల నొప్పులని ఆవిడను వంటింట్లోకి రానివ్వను. ఆవిడ ఆ కూరలు ముట్టరు. పచ్చడి, మజ్జిగతో సరిపెట్టుకుంటారు. ‘నా కొడుక్కి, మనవలకు ఐసు కూడు పెడుతోంది’ అని ఫోనులో బంధువులకు చెబుతారు. మొన్న నేను ఆఫీసులో ఉండగా, పప్పు పులిసిపోయిందంటూ ఫ్రీజర్‌లోని డబ్బాలన్నీ పారబోశారు. మావారు ‘మీరిద్దరూ తేల్చుకోండి’ అని లేచి వెళ్లిపోయారు. ఆవిడను ఎలా ఒప్పించాలి? నేను పిల్లలకు అన్యాయం చేస్తున్నానా?

జవాబు: డబ్బాలు పారబోయడం తప్పు. సెలవు రోజంతా పొయ్యి దగ్గర నిలబడి మీరు చేసిన పనిని, అడగకుండా చెత్తబుట్టలో వేసే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు, వయసులో ఎంత పెద్దవారైనా సరే. ఈ మాట ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఇక రాయబోయేదాంట్లో కొంత మీ అత్తగారి పక్షాన ఉంటుంది. అది చదివి మీ కష్టాన్ని తక్కువ చేశానని అనుకోవద్దు.

ఆ రోజు పప్పు నిజంగానే పులిసి ఉండవచ్చు. మీ ఉత్తరాన్ని రెండు చోట్ల ఆగి మళ్లీ చదివాను. పొద్దున వండినవి సాయంత్రం సర్దుతున్నారు. ఉదయం గట్టు మీద పెట్టిన డబ్బాను రాత్రి వేడి చేస్తున్నారు. మైనస్ 18 డిగ్రీల చలిలో సూక్ష్మజీవులు పెరగవు, కానీ చాలావరకు చావవు. డబ్బా బయటికి వచ్చి వెచ్చబడగానే మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి వాటికి అనుకూలం. హైదరాబాద్‌లో వంటింటి గట్టు ఏడాది పొడవునా ఆ పరిధిలోనే ఉంటుంది. వండిన పదార్థం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలని, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపే చేరాలని ఆహార భద్రత నిపుణులు చెబుతారు. మీ పప్పు ఆదివారం ఒక పగలు, తరువాత మరో పగలు గట్టు మీదే గడిపింది.

అన్నం ఎప్పుడైనా ఇలా ఉంచుతున్నారేమో రాయలేదు. ఉంచుతుంటే వెంటనే మానేయండి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలిచి విడిచే ఒక విషం, తరువాత ఎంత వేడి చేసినా పోదు. ఎలాగూ అన్నం అరగంటలోపు ఉడుకుతుంది, దాన్ని దాచిపెట్టాల్సిన అవసరమే లేదు.

కాబట్టి పద్ధతిలో రెండు మార్పులు చేయండి. వండినవాటిని వెడల్పాటి గిన్నెల్లోకి పలుచగా వంచి, ఆ గిన్నెలను చన్నీళ్ల తొట్టిలో ఉంచి మధ్యమధ్య కలపండి. తొందరగా చల్లారతాయి. లోతు తక్కువ ఉన్న చిన్న డబ్బాల్లో, ఒక పూటకు ఎంత కావాలో అంతే సర్ది, తేదీ రాసి అంటించండి. కరిగించేటప్పుడు గట్టు మీద వద్దు. ముందురోజు రాత్రే డబ్బాను ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, మరుసటి రాత్రికి భద్రంగా కరిగి ఉంటుంది. తినే ముందు మధ్య భాగం కూడా పొగలు వచ్చేలా మరిగించండి. ఒకసారి కరిగిన కూర మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు. మీది ఒకే తలుపున్న పాత ఫ్రిజ్ అయితే, అందులో ఐస్‌క్రీమ్ రాయిలా గట్టిగా నిలుస్తోందో లేదో చూడండి. మెత్తబడుతుంటే ఆ చలి కూరల నిల్వకు చాలదు. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలుపుకొంటుంది.

పిల్లలకు అన్యాయం చేస్తున్నానా అని అడిగారు. లేదు. సరిగ్గా చల్లార్చి, సరిగ్గా కరిగించిన ఇంటి పప్పు, రాత్రి తొమ్మిదింటికి బయటి నుంచి తెప్పించే నూడుల్స్ కన్నా ఎన్నో రెట్లు మేలు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

ఇక మీ అత్తగారు. నిల్వ అంటే ఆవిడకు పడదని అనుకుంటున్నారు. తెనాలి వైపు సంసారం నడిపిన ఆ తరం ఇల్లాలికి నిల్వ సంగతి కొత్తగా చెప్పాలా? ఏడాదికి సరిపడా ఆవకాయ, ఎండబెట్టిన గుమ్మడి వడియాలు, ఒరుగులు, కందిపొడి, పులిహోరకు ముందే కాచి దాచుకునే చింతపండు పులుసు, ఇవన్నీ తీరిక లేని రోజుల కోసం ముందుగా చేసి పెట్టుకున్నవే. ఉప్పు, నూనె, పులుపు, ఎండ ఉంటే నిలుస్తుంది. నీళ్లు పోసి ఉడికించినది పూట దాటితే పాడవుతుంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచి, పొద్దున్నే చద్దన్నంగా తినేస్తారు కానీ దాన్ని సాయంత్రం దాకా లాగరు. ఫ్రిజ్ లేని ఇళ్లలో, మే నెల ఎండల్లో, ఇది పిల్లలను వాంతులూ విరేచనాల నుంచి కాపాడిన నియమం. ఆవిడ ముక్కు ఆ నియమంతో పెరిగింది. పప్పు పులిసిన వాసన అందరికన్నా ముందు ఆవిడకే తెలిసి ఉంటుంది. అంతకుముందు ఎన్నిసార్లు చెప్పి చూశారో, ఎవరైనా విన్నారో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి.

మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది, ‘వంటింట్లోకి రానివ్వను’ అని. ప్రేమతోనే అంటున్నారు, అర్థమైంది. కానీ భర్తను పోగొట్టుకుని, ఊరూ ఇల్లూ వదిలి వచ్చిన మనిషి, జీవితమంతా తనదిగా ఉన్న ఒకే ఒక్క చోటికి ఈ ఇంట్లో వెళ్లలేకపోతున్నారు. పొద్దున మీరంతా వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఆవిడకు మిగిలేది టీవీ, ఫోను. ఫోనులో మీ మీద ఫిర్యాదులు పెరగడంలో దీని పాత్ర చాలా ఉందని నా నమ్మకం.

ఆవిడను ఒప్పించాలని మాత్రం చూడకండి. నిన్న వండినది తినకపోవడం కొందరికి ఆచారం, కొందరికి అలవాటు. ఏదైనా ఆవిడ ఇష్టం. ఆవిడ పచ్చడి మెతుకులతో కడుపు నింపుకోవడం మాత్రం ఆపాలి. ఈ వయసులో రోజూ పప్పో, కూరో, పెరుగో అందకపోతే నీరసిస్తారు, మోకాళ్లు ఇంకా మొరాయిస్తాయి.

దారి ఏమిటంటే, మొత్తం వంట దాచడం తగ్గించి, వంటకు ముందు జరిగే చాకిరీని దాచండి. ఉడికించి మెదిపిన కందిపప్పు తాలింపు లేకుండా, వేయించిన ఉల్లి టమాటా మసాలా ముద్ద, ఉడికించిన శనగలు, కడిగి ఉడికించిన గోంగూర, చింతపండు గుజ్జు, కొబ్బరి కోరు, అల్లం వెల్లుల్లి ముద్ద, సగం కాల్చిన చపాతీలు, ఇడ్లీలు, ఇవన్నీ ఫ్రీజర్‌లో చక్కగా నిలుస్తాయి. చికెన్ కూర, మటన్ కూర కూడా రెండు మూడు నెలలు రుచి చెడకుండా ఉంటాయి. బంగాళదుంప ముక్కలు గరుకుగా మారతాయి, దోసకాయ నీరు కారిపోతుంది, ఉడికించిన గుడ్డు రబ్బరులా సాగుతుంది, పెరుగు కలిపిన పులుసులు విరుగుతాయి. వీటిని ఫ్రీజర్‌లో పెట్టకండి. రాత్రి ఉడికిన పప్పును మరిగించి అందులో గోంగూర కలిపి తాలింపు వేస్తే పావుగంట పని. ఇంట్లో ఎండుమిర్చి, ఇంగువ వాసన వస్తే పిల్లలు కూడా డబ్బా కూర అనరు. ఆ తాలింపు పని అత్తగారికి ఇస్తే? గట్టు దగ్గర ఎత్తు కుర్చీ వేసి, పోపు డబ్బా చేతికి అందేలా పెట్టి అడిగి చూడండి. మధ్యాహ్నం తన మటుకు వేడిగా ఒక కూర చేసుకుంటానంటే, కూరగాయలు కడిగి సిద్ధంగా ఉంచి వెళ్లండి. ఒక్కటే జాగ్రత్త: ఇది ఆవిడ ఇష్టపడితేనే. ఇంటి వంటంతా మెల్లగా ఆవిడ మీదికి జారిపోతే మీ అలసట ఇంకో ఆడమనిషికి బదిలీ అయినట్టే.

మీవారి గురించి ఒకే వాక్యం రాశారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించినది అదే. తన తల్లికి, తన భార్యకు మధ్య, తన పిల్లలు తినే తిండి గురించి గొడవ జరుగుతుంటే అందులో తనకు సంబంధం లేదని ఎలా అనగలిగారు? కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తుంటే, పాల్గొనే పురుషులు 88 నిమిషాలే వెచ్చిస్తున్నారు. మీ ఇంట్లో ఆ 88 కూడా ఉన్నట్టు కనిపించడం లేదు. రెండేళ్ల ఆదివారాలు మీరు వంటింట్లో గడుపుతుంటే ఆయన ఎక్కడ ఉన్నారు? ఫ్రీజర్ మీ వారాన్ని తేలిక చేసింది నిజమే, కానీ ఆ తేలికకు మీ ఒక్కరి సెలవునే ఖర్చు పెట్టారు.

అందుకే వచ్చే ఆదివారం వండకండి. శనివారం రాత్రే మీవారితో విడిగా కూర్చుని చెప్పండి: కూరగాయలు తేవడం, కోయడం, చల్లార్చి సర్దడం ఇక ఆయనవి. రోజూ పడుకునే ముందు డబ్బాను కింది అరలోకి మార్చడం కూడా ఆయనదే. అడగకుండా పారబోయడం, బంధువులకు చెప్పుకోవడం ఇక జరగకూడదని తల్లికి చెప్పవలసింది కూడా ఆయనే, మీరు కాదు.

తరువాత అత్తగారి దగ్గరికి మీరు వెళ్లండి. ‘అత్తయ్యా, ఆ రోజు పప్పు విషయంలో మీరన్నదే నిజమేమో. కరిగించే పద్ధతి మార్చాను. ఈసారి తేడాగా అనిపిస్తే పారబోయకుండా నాకు ఫోను చేసి చెప్పండి’ అనండి. అంతవరకే మాట్లాడండి, క్షమాపణ కోసం పట్టుబట్టకండి.

ఇంత చెప్పినా మీవారు తప్పించుకుంటే, వారంలో రెండు రాత్రుల భోజనం ఆయనకు వదిలేయండి. ఆ రెండు రోజులకు డబ్బాలు సిద్ధం చేయకండి. ఆయన ఉప్మా చేసినా, అన్నం మాడ్చినా మీరు లేచి వెళ్లి గరిటె అందుకోకండి.