ఆ 180 శాతం చూసి కంగారు పడకండి
సర్వర్ గది నుంచి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ఆఫీసులో ఒకే సర్వర్ మీద ఎన్నో వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే వ్యవస్థలు, అంటే హైపర్‌వైజర్లు, మూడు నాలుగు రకాలు పోగుపడ్డాయి, వాటన్నింటినీ చూసుకునేది మాత్రం ఇద్దరో ముగ్గురో. ఇరవై రెండేళ్లుగా నాదీ అదే బతుకు. నేను చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

ప్రశ్న: మేడమ్, మా దగ్గర వీఎంవేర్ మీద మూడు వందల వీఎంలు, హైపర్-వీ మీద ఓ అరవై ఉన్నాయి. ఐబీఎం పవర్ సర్వర్ల మీద ఏఐఎక్స్ (ఐబీఎం వారి యూనిక్స్) నడిపే ఎల్‌పార్‌లు, అంటే సర్వర్‌ని విడగొట్టిన భాగాలు, మెయిన్‌ఫ్రేమ్‌లో జడ్/వీఎం అనే హైపర్‌వైజర్ కింద కొన్ని లినక్స్ గెస్టులు (లోపల నడిచే వీఎంలు) కూడా ఉన్నాయి. అన్నింటి సీపీయూ ఒకే డాష్‌బోర్డు మీద కావాలని మా మేనేజర్ గారు పట్టుబడితే తయారుచేశాను. ఇప్పుడు ఒక ఏఐఎక్స్ ఎల్‌పార్ రోజూ 180 శాతం అని ఎర్రగా వెలుగుతోంది, దాని మీద ఒక్క ఫిర్యాదూ లేదు. వీఎంవేర్‌లో 35 శాతమే చూపించే అప్లికేషన్ మీద మాత్రం రోజూ ఫోన్లే. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమేనండీ. కాకపోతే రెండింటినీ కొలిచింది వేర్వేరు కొలతలతో. పేరు మాత్రం రెండు చోట్లా 'సీపీయూ శాతం'.

ముందు ఆ ఎర్ర ఎల్‌పార్ సంగతి. దానికి రాసిచ్చిన వాటా, అంటే ఎన్‌టైటిల్‌మెంట్, ఎంతో చూడండి. సగం ప్రాసెసర్, 0.5 అనుకుందాం. అది అన్‌క్యాప్డ్, అంటే వాటాకి కట్టేయనిది, అయితే అందరూ పంచుకునే ప్రాసెసర్ల షేర్డ్ పూల్‌లో ఖాళీ ఉన్నంతవరకు తన వాటా దాటి వాడుకోవచ్చు. 0.9 ప్రాసెసర్ వాడిందంటే మీ తెర మీద 180 శాతం అని పడుతుంది. అది జబ్బు కాదు, పవర్ సర్వర్లు పనిచేసే తీరే అంత. ఎల్‌పార్‌స్టాట్ కమాండ్ ఇచ్చి 'ఫిజ్‌సీ' కాలమ్ చూడండి, నిజంగా ఎన్ని ప్రాసెసర్లు తిన్నదో అక్కడ ఉంటుంది. అయితే పూర్తిగా నిశ్చింతగా కూర్చోవద్దు. పూల్ నిండిన రోజున మీకు గ్యారంటీగా దక్కేది ఆ 0.5 మాత్రమే, పైది వెయిట్‌ని (ఒక్కోదానికి పెట్టిన ప్రాధాన్యాన్ని) బట్టి అందరూ పంచుకుంటారు. నెలల తరబడి 0.9 వాడుతున్న ఎల్‌పార్‌కి 0.5 రాసిపెట్టడం అప్పు మీద ఇల్లు నడపడమే. వాటా పెంచేయండి.

ఇక 35 శాతం చూపించేది. వీఎం పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నా కింద కోర్ ఖాళీ లేకపోతే వరసలో నిలబడుతుంది. ఆ నిలబడ్డ సమయం గెస్టులో కనిపించే శాతంలో ఉండదు. దాన్ని రెడీ టైమ్ అంటారు. వీఎంవేర్‌ని నడిపించే వీసెంటర్ రియల్‌టైమ్ గ్రాఫులో ఒక్కో బిందువు 20 సెకన్లకి, అంటే 20,000 మిల్లీసెకన్లకి. కాబట్టి ఒక వీసీపీయూకి (వీఎంకి ఇచ్చిన వర్చువల్ ప్రాసెసర్‌కి) 1,000 మిల్లీసెకన్ల రెడీ ఉంటే 5 శాతం. అందరం తప్పు చేసేది ఇక్కడే: వీఎం మొత్తానికి వచ్చిన అంకెను వీసీపీయూల సంఖ్యతో భాగించడం మర్చిపోతాం. నాలుగు వీసీపీయూల వీఎంకి 8,000 కనబడితే ఒక్కోదానికి 2,000, అంటే 10 శాతం. నా లెక్కలో ఒక్కో వీసీపీయూకి 5 దాటితే చూడాలి. 10 దాటితే మీరు చూసేలోపే ఫోన్ వస్తుంది.

లినక్స్ గెస్టులో 'టాప్' తెరిచి 'ఎస్‌టీ' (స్టీల్, అంటే కోర్ కోసం కాచుకున్న సమయం) సున్నా ఉంది కదా అని ఊరుకోవద్దు. లినక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎం మీద, జడ్/వీఎం మీద ఆ స్టీల్ అంకె పనికొస్తుంది. వీఎంవేర్ గెస్టుల్లో అది మామూలుగా సున్నాగానే ఉంటుంది, లోపల ఎంత ఎదురుచూపు ఉన్నా సరే. మెయిన్‌ఫ్రేమ్‌ది ఇంకో లోకం. వాళ్లకు వర్చువల్ మెషీన్ కొత్త కాదు, వీఎం/370 వచ్చిందే 1972లో. అక్కడ 95 శాతం అంటే పెట్టిన ఖర్చు గిట్టుబాటైందని సంతోషిస్తారు. మన ఎక్స్86 హోస్టు (వీఎంలను మోసే మామూలు సర్వర్) 95 చూపిస్తే మనకు నిద్ర పట్టదు.

నా సలహా, డాష్‌బోర్డు తీసేయకండి, కాలమ్ మార్చండి. 'ఎంత వాడింది' బదులు 'పని ఉండి ఎంతసేపు కాచుకుంది' అని పెట్టండి. వీఎంవేర్‌కి రెడీ, కేవీఎంకి, జడ్/వీఎంకి స్టీల్, పవర్‌కి పూల్‌లో మిగిలిన ప్రాసెసర్లు. మెమరీకైతే బెలూనింగ్ (గెస్టు నుంచి మెమరీ వెనక్కి లాక్కోవడం), హోస్టు స్వాపింగ్ (మెమరీ చాలక డిస్కు వాడటం) సున్నా కాకపోతే మాత్రమే ఎరుపు. నేనూ ఒకప్పుడు మీలాగే అన్నింటికీ 80 శాతం దాటితే ఎరుపు అని పెట్టాను. మీటింగులో చప్పట్లు కొట్టారు. మూడు వారాల తర్వాత ఆ తెర వైపు చూసేవాళ్లే లేరు, నాతో సహా.

ప్రశ్న: అప్లికేషన్ వాళ్లు 16 వీసీపీయూలు కావాలంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ కాగితంలో అలాగే ఉందట. ఇప్పుడు ఎనిమిదితో నడుస్తోంది, వాడేది రెండో మూడో. ఇవ్వనంటే గొడవ.

జవాబు: ఇవ్వకండి. ఇస్తే ఇంకా నెమ్మదిస్తుంది, ఆ గొడవ ఇంతకంటే పెద్దది. ఎక్కువ వీసీపీయూలున్న వీఎంలో కొన్ని ముందుకు పోయి కొన్ని వెనకబడితే, ముందున్నవాటిని హైపర్‌వైజర్ ఆపుతుంది. వీఎంవేర్‌లో అది కో-స్టాప్ అంకెగా కనబడుతుంది. పదహారు మందీ కలిసే ఎక్కుతామని బస్టాపులో నిలబడ్డవాళ్ల పరిస్థితి అనుకోండి. పైగా ఒక సాకెట్‌లో ఉన్న కోర్లకు మించి వీసీపీయూలు ఇస్తే వీఎం రెండు న్యూమా నోడ్ల (ఒక్కో సాకెట్, దాని సొంత మెమరీ) మీదికి పాకి, అవతలి సాకెట్ మెమరీ కోసం పరుగులు పెడుతుంది.

నేను ఒకసారి గొడవపడి మరీ పన్నెండుని నాలుగు చేయించాను. రాత్రి రిపోర్టు ముందుకన్నా త్వరగా అయిపోయింది. ఆ టీమ్ లీడ్ 'కోడ్ బాగుచేశాం' అని మెయిల్ పెట్టారు, అది వేరే సంగతి. రెండు వారాల గ్రాఫు తీసి చేతిలో పెట్టుకుని మాట్లాడండి. అవసరమైతే పెంచుతామని రాతపూర్వకంగా మాటివ్వండి.

ప్రశ్న: 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేశారు. మా వాళ్లు అన్నీ కేవీఎం మీదికి మార్చేయమంటున్నారు. పవర్ మీద ఉన్న ఏఐఎక్స్ కూడా పనిలో పనిగా లాగేద్దామంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఏఐఎక్స్ మాట ముందు తేల్చేద్దాం. అది మార్పిడి కాదు, మళ్లీ కట్టడం. పవర్ ప్రాసెసర్ భాష వేరు, ఎక్స్86 భాష వేరు. ఏఐఎక్స్ బిగ్ ఎండియన్, ఎక్స్86 లిటిల్ ఎండియన్, అంటే సంఖ్యలో బైట్లను పేర్చే వరసే తిరగబడుతుంది. డిస్కు ఫైలు ఎత్తుకెళ్లి పెడితే నడిచేది కాదు. డేటాబేస్ ఎగుమతి, కోడ్ మళ్లీ కంపైల్, మళ్లీ టెస్టు. దాన్ని వేరే ప్రాజెక్టుగా, వేరే బడ్జెట్‌తో పెట్టమనండి. 'పనిలో పనిగా' అన్నవాళ్లనే దానికి ఓనర్‌గా రాయండి, ఉత్సాహం తగ్గుతుంది.

కేవీఎం గురించి భయం అక్కర్లేదు, 2007 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. తిప్పలన్నీ దారిలోనే. డిస్కు మార్చడానికి వర్ట్-వీ2వీ ఉంది, విండోస్‌లోకి కేవీఎం డిస్కు, నెట్‌వర్క్‌లకు కావాల్సిన వర్ట్‌ఐఓ డ్రైవర్లను కూడా అదే ఎక్కిస్తుంది. చేత్తో డిస్కు కాపీ చేసి డ్రైవర్ మర్చిపోతే బూట్ డిస్కు దొరకలేదంటూ 7బి నంబరు బ్లూ స్క్రీన్ వస్తుంది. లినక్స్‌లో దెబ్బ ఇంకోలా తగులుతుంది. వీఎంవేర్‌లో ఈఎన్ఎస్192 అని ఉన్న నెట్‌వర్క్ కార్డు కొత్తచోట ఇంకో పేరుతో లేస్తుంది. పాత పేరు మీద రాసిన స్టాటిక్ ఐపీ ఎవరికీ పట్టని చీటీలా మిగిలిపోతుంది. మెషీన్ బ్రహ్మాండంగా నడుస్తూ ఉంటుంది, ఎవరికీ అందదు.

ఒక చిన్న సంగతి. వీఎంవేర్ టూల్స్‌ని (గెస్టులో వేసే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌ని) విండోస్‌లోంచి బయల్దేరే ముందే తీసేయండి. కేవీఎం మీదికి వెళ్లాక అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే 'ఇది వీఎంవేర్ మెషీన్ కాదు' అని మొరాయిస్తుంది. ఇది తెలియక ఒక శనివారం మొత్తం రిజిస్ట్రీ ఏరుతూ కూర్చున్నాను. స్నాప్‌షాట్లు (ఒక క్షణాన వీఎం ఎలా ఉందో పట్టి ఉంచినవి) అసలు డిస్కులో కలిపేయండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) ఉంటే రికవరీ కీ చేతిలో పెట్టుకోండి, ఆ తాళంచెవి దాచే వర్చువల్ టీపీఎం మీతో రాదు. డొమైన్ కంట్రోలర్లను (లాగిన్లు సరిచూసే సర్వర్లను) మార్చనే వద్దు. కొత్తచోట కొత్తవి లేపి, రెప్లికేషన్ అయ్యాక పాతవి తీసేయడమే క్షేమం. మొదటి విడతలో ఎవరూ ఏడవని టెస్టు మెషీన్లు ఇరవై. రెండో విడత ఎప్పుడన్నది మొదటిది చెబుతుంది.

ప్రశ్న: స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా?

జవాబు: కాదు. అసలు డిస్కు పోతే స్నాప్‌షాట్ ఒట్టి తేడాల చిట్టా. వీఎంవేర్ వాళ్లే 72 గంటలకు మించి ఉంచవద్దంటారు. ప్యాచ్ ముందు తీసి 'రేపు తీసేద్దాం' అనుకున్న ఒక స్నాప్‌షాట్ నా చేతిలో 41 రోజులు బతికింది. ఆదివారం రాత్రి డేటాస్టోర్ (వీఎంల డిస్కులుండే చోటు) నిండిపోయి, దాని మీదున్న వీఎంలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇప్పుడు రోజూ పొద్దున మూడు రోజులు దాటిన స్నాప్‌షాట్ల జాబితా నాకు మెయిల్‌లో వస్తుంది.

ప్రశ్న: కొత్తగా చేరాను. 70 వీఎంలకు ఓనర్ ఎవరో ఎవరికీ తెలియదు. రెండేళ్లుగా ఎవరూ లాగిన్ కాలేదు. డిలీట్ చేసేయమంటున్నారు. చేసేయనా?

జవాబు: ఆగండి! లాగిన్ కాకపోవడం, వాడకపోవడం ఒకటి కాదు. ముందు నెట్‌వర్క్ కనెక్షన్లు చూడండి, దానితో ఎవరు మాట్లాడుతున్నారో వారం రోజులు రాసుకోండి. ఎవరూ లేకపోతే వర్చువల్ నెట్‌వర్క్ కార్డు డిస్‌కనెక్ట్ చేయండి, పవర్ ఆఫ్ వద్దు. ఎవరైనా అరిస్తే ఒక్క క్లిక్‌తో తిరిగొస్తుంది. మావాళ్లు దీన్ని స్క్రీమ్ టెస్ట్ అంటారు. నెలాఖరు, క్వార్టర్ ఆఖరు దాటనివ్వండి, తర్వాత ఆపండి. డిలీట్ మాత్రం బ్యాకప్ తీసి, దాన్ని ఒకసారి రీస్టోర్ చేసి చూశాకే. నేను ఇలాగే తీసేయబోయిన ఒకటి ఏడాదికి ఒక్కసారి, లెక్కలు ముగించే రోజున మాత్రమే లేచి పనిచేసేది. దాన్ని రాసినాయన ఎప్పుడో రిటైరయ్యారు.

ఇక నుంచి కొత్త వీఎం అడిగినవాళ్ల దగ్గర నాలుగు మాటలు రాయించుకోండి: ఎవరిది, దేనికి, ఇది ఆగితే ఏది ఆగుతుంది, ఎప్పటిదాకా. హైపర్‌వైజర్ ఏదైనా ఆ జాబితా ఒకటే ఉండాలి. తెరలు నాలుగున్నా నష్టం లేదు, జాబితాలు రెండైతే మాత్రం రెండూ తప్పే.

ప్రశ్న: కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే అన్నీ తిరిగి ఏ వరసలో లేపాలి? మా దగ్గర రాసిపెట్టింది లేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడటంలో తప్పు లేదు. స్విచ్‌లు, స్టోరేజి ముందు. స్టోరేజి పూర్తిగా లేచేదాకా హోస్టుల జోలికి వెళ్లకండి. పవర్ సర్వర్లలో వీఐఓఎస్ లేచాకే మిగతా ఎల్‌పార్‌లు, డిస్కులూ నెట్‌వర్కూ దాని గుండానే వస్తాయి కాబట్టి. తర్వాత డీఎన్‌ఎస్ (పేరుని ఐపీగా మార్చేది), డొమైన్ కంట్రోలర్, టైమ్. గడియారాలు 5 నిమిషాలకు మించి తేడా పడితే డొమైన్ లాగిన్లు సరిచూసే కెర్బరాస్ వాటిని తిప్పికొడుతుంది, పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా సరే. ఆ తర్వాత వీసెంటర్, డేటాబేస్‌లు, చివరికి అప్లికేషన్లు.

అసలు చిక్కు వరసలో కాదు, ముడిలో ఉంది. మాకు ఒకసారి జరిగింది చెబుతాను. హోస్టులు లేచాయి. పేరుతో లాగిన్ అవుదామంటే డీఎన్‌ఎస్ లేదు, అది ఆ హోస్టుల లోపలి వీఎం. ఐపీతో వెళ్దామంటే ఐపీలు వికీలో ఉన్నాయి, వికీ ఒక వీఎం. రూట్ పాస్‌వర్డ్ వాల్టులో ఉంది, వాల్టూ వీఎమ్మే. నలుగురం చీకట్లో ఒక ఫోన్ టార్చి పట్టుకుని, ఏ హోస్టు ఐపీ ఎవరికి గుర్తుందా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి ఒక కుర్రాడి ఫోన్‌లో పాత ఫోటో దొరికింది, సరదాకి తీసుకున్న తెర ఫోటో, మూలలో ఒక ఐపీ.

ఇప్పుడు మా ర్యాక్ తలుపు లోపలి వైపున ఒక కాగితం అంటించి ఉంటుంది. హోస్టుల ఐపీలు, డొమైన్ కంట్రోలర్ ఏ హోస్టు మీద, లేపాల్సిన వరస. పాస్‌వర్డ్ దాని మీద ఉండదు, సీలు వేసిన కవరులో ఇద్దరి దగ్గర ఉంటుంది. కాగితం కింద ప్రింటు తీసిన తేదీ రాస్తాం. మూడు నెలలకోసారి కొత్తగా చేరినవాళ్లలో ఒకరిని పిలిచి, మేమెవరం నోరు మెదపకుండా, దాన్ని చూసి టెస్టు ర్యాక్ లేపమంటాం. పోయినసారి ఆ అమ్మాయి మూడో లైన్ దగ్గర ఆగి, 'ఈ స్విచ్ మనం తీసేశాం కదండీ?' అంది. ఆ సాయంత్రమే కొత్త ప్రింటు అంటించాం.