బంతి చేతిలో లేని ఆటగాడి గురించి రాయడం

తమ్ముడూ,

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ NBAలో షూటర్‌గా పేరున్న క్లే థాంప్సన్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. తెల్లవారుజామున లేచి మ్యాచ్ చూసి, కాలేజీకి వెళ్లేలోపు నోట్సు రాసుకునే మనిషివని నీ వాక్యాల్లోనే తెలుస్తోంది. ఆ ఇష్టాన్ని కాపాడుకో. మిగతావన్నీ నేర్చుకుంటే వస్తాయి.

వ్యాసంలో ఒకచోట నేను ఆగిపోయాను. 2016 డిసెంబరు 5న ఇండియానా పేసర్స్ మీద అతను 60 పాయింట్లు కొట్టాడనీ, అందుకు వాడుకున్న డ్రిబుల్స్, అంటే బంతిని నేలకు కొట్టడాలు, 11 మాత్రమేననీ రాశావు. రాసి, వెంటనే అతని ఎత్తు, అతను చదివిన కాలేజీ గురించి చెప్పుకుంటూ వెళ్లిపోయావు. నీ వ్యాసమంతా ఆ 11 లోనే ఉంది తమ్ముడూ. ఆ రోజు అతను కోర్టులో ఉన్నది 29 నిమిషాలు. బంతి అతని చేతిలో ఉన్నది అంతా కలిపి సుమారు 90 సెకన్లు. డిఫెన్స్‌లో గడిచిన సమయం తీసేసినా, ఇంకా బోలెడు నిమిషాలు మిగులుతాయి. అంతసేపూ అతనేం చేశాడు? అది చెప్పకుండా అతని గురించి ఏం చెప్పినా పైపైనే ఉంటుంది.

తర్వాత బలాలకు ఒక జాబితా, బలహీనతలకు ఒక జాబితా ఇచ్చావు. షూటింగ్ బలం, డ్రిబ్లింగ్ బలహీనత. ఇలా విడదీసి రాస్తే చదివేవాడికి ఆటగాడు కనిపించడు, ప్రోగ్రెస్ కార్డు కనిపిస్తుంది. డ్రిబుల్ చెయ్యకుండా పాయింట్లు కొట్టడం అతని బలమే. అదే అతని పరిమితి కూడా. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో వెతికి పట్టుకోవడమే మన పని.

ముందు ‘అథ్లెటిక్’ అనే మాట సంగతి. మనవాళ్లు ఆ మాట అనగానే గాల్లోకి లేచి బంతిని చేత్తో రింగ్‌లోకి గుద్దే డంక్ కొట్టడమే అనుకుంటారు. నువ్వూ అలాగే వాడావు. రే అలెన్‌ను తీసుకో. టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1996లో ఐదో ఆటగాడిగా వచ్చాడు. మరుసటి ఏడాది డంక్ పోటీలో కూడా దిగాడు, అంత ఎగరగలిగేవాడు. మిల్వాకీలో, సియాటిల్‌లో బంతి పట్టుకుని సొంతంగా దాడి చేసేవాడు. 2007లో బోస్టన్ వచ్చాక పక్కన పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్ ఉన్నారు. అక్కడ అతని ఆటలో ఎక్కువ భాగం స్క్రీన్ల చుట్టూ పరుగే. సహచరుడు కదలకుండా నిలబడి డిఫెండర్ దారికి అడ్డం పడడమే స్క్రీన్. వయసుతో ఎగురుడు తగ్గింది. కాళ్ల పనితనం తగ్గలేదు. అందుకే 38 ఏళ్ల వయసులో కూడా ఫైనల్స్ ఆడుతూ ఉన్నాడు.

2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివరి క్షణాలు మళ్లీ పెట్టుకుని చూడు. అప్పటికి అలెన్ మయామిలో ఉన్నాడు. శాన్ ఆంటోనియో మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉంది, ట్రోఫీ ఇవ్వడానికి కోర్టు చుట్టూ పసుపు తాళ్లు కూడా పట్టుకొచ్చారు. సహచరుడు లెబ్రాన్ వేసిన త్రీ, అంటే దూరపు గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్, తప్పింది. తిరిగొచ్చిన బంతి, రీబౌండ్, మరో సహచరుడు క్రిస్ బాష్‌కు దొరికింది. ఇప్పుడు బంతిని వదిలెయ్, అలెన్ కాళ్లు చూడు. రింగ్ దగ్గర నుంచి కార్నర్‌కు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. గీత ఎక్కడుందో కిందికి చూసుకోడు. బంతి చేతికి అందే వేళకు మడమలు గీత దాటాయి, శాన్ ఆంటోనియో ఆటగాడు టోనీ పార్కర్ మీదకు వచ్చేస్తున్నాడు, షాట్ వెళ్లిపోయింది. గడియారంలో 5.2 సెకన్లు. స్కోరు 95–95. ఓవర్‌టైమ్‌లో మయామి గెలిచింది, ఏడో మ్యాచ్ కూడా గెలిచి టైటిల్ ఎత్తుకుంది. ఆ అడుగులు అదృష్టం కాదు. నేల మీద పడుకుని, లేచి, వెనక్కి పరిగెత్తి, కార్నర్‌లో బంతి అందుకుని షాట్ వెయ్యడం అతను ప్రాక్టీసులో ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే. అథ్లెటిక్ అంటే నా లెక్కలో ఇది: పూర్తి వేగంలో ఉండి ఠక్కున ఆగగలగడం, ఆగిన చోటే శరీరం నిటారుగా ఉండడం, నాలుగో క్వార్టర్‌లో కూడా మొదటి క్వార్టర్‌లో లాగే ఆగగలగడం.

పరుగు గురించి రాయాలనుకుంటే రిచర్డ్ హామిల్టన్ ఆట చూడు. డెట్రాయిట్ 2004లో టైటిల్ గెలిచినప్పటి మనిషి, ముక్కు విరిగినందుకు ముఖానికి మాస్క్ పెట్టుకుని ఆడేవాడు. త్రీలు పెద్దగా వెయ్యడు. అతనిదంతా మిడ్‌రేంజే, త్రీ గీతకు లోపలి మధ్య దూరపు షాట్లే. అతన్ని కాపలా కాసేవాడు మూడో క్వార్టర్‌కల్లా నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. స్కోరు షీటులో ఆ అలసటకు గడి ఉండదు. నువ్వే రాయాలి.

ఇక స్క్రీన్ దగ్గర జరిగేది. నీ వ్యాసంలో ‘స్క్రీన్లను బాగా ఉపయోగించుకుంటాడు’ అని ఒకే వాక్యం ఉంది. దాన్ని విప్పు. షూటర్ స్క్రీన్ వైపు పరిగెత్తేటప్పుడు తన వెంట వస్తున్న డిఫెండర్‌ను చదువుతూ ఉంటాడు. డిఫెండర్ తన వెనకే తోకలా వస్తుంటే స్క్రీన్ చుట్టూ మలుపు తీసుకుని రింగ్ వైపు వెళ్తాడు. దాన్ని కర్ల్ అంటారు. డిఫెండర్ అడ్డదారిన స్క్రీన్ అవతలి వైపు నుంచి దూరి వస్తుంటే, షూటర్ రింగ్‌కు దూరంగా పక్కకు జరిగి నిలబడతాడు, అది ఫేడ్. పాస్ రాకుండా ముందే అడ్డం నిలబడితే, స్క్రీన్‌ను వదిలేసి అతని వీపు వెనక నుంచి రింగ్ దగ్గరకు దూరిపోతాడు, అది బ్యాక్‌డోర్. మూడు దార్లు, ఎంచుకోవడానికి ఉన్నది అర సెకను. ఈ ఎంపిక సరిగా చేసేవాడు కొంచెం నెమ్మదిగా పరిగెత్తినా నెగ్గుకొస్తాడు. ఎంపిక రాని కుర్రాడు ఎంత ఎగిరేవాడైనా ప్రతిసారీ ఒకే దారిలో పోతాడు, రెండో వారానికి లీగ్ మొత్తం అతన్ని పట్టేస్తుంది. కొత్తగా వచ్చిన అథ్లెటిక్ గార్డ్ (రింగ్‌కు దూరంగా బయట ఆడేవాడు) గురించి రాస్తే నువ్వు మొదట తేల్చాల్సింది ఇదే. హైలైట్స్‌లో ఇది దొరకదు. అవి బంతి చేతికి అందిన క్షణం నుంచే మొదలవుతాయి, అసలు పని అప్పటికే అయిపోయి ఉంటుంది. పూర్తి మ్యాచ్ పెట్టుకుని, ఒక క్వార్టర్ మొత్తం బంతిని చూడకుండా ఆ ఒక్కణ్నే చూడు. కబడ్డీలో అందరూ రైడర్‌ను చూస్తుంటే కార్నర్ ఆటగాడి కాళ్లు చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది తొందరగా వస్తుంది.

షూటర్ షాట్ వెయ్యని దాడులు కూడా రాసుకో. అతను కార్నర్‌లో ఊరికే నిలబడి ఉన్నా అతని డిఫెండర్ రింగ్ వైపు సాయానికి వెళ్లలేడు. ఆ ఖాళీలోంచి వేరొకడు రింగ్ దగ్గరి తేలిక షాట్, లేఅప్, కొడతాడు. పాయింట్లు అతని పేరున పడవు, కానీ ఆ బాస్కెట్‌లో అతనికి భాగం ఉంది. దీన్ని గ్రావిటీ అంటున్నారు.

ఇప్పుడు బలహీనత. క్లే మీద నీ మాట కఠినంగా ఉంది, అందులో తప్పేమీ లేదు. కానీ నిజం ఇంకా లోతుగా ఉంది. అతని కెరీర్‌లో ఒక్క సీజన్‌లో కూడా అసిస్టుల (బాస్కెట్‌కు దారితీసే పాస్‌ల) సగటు మ్యాచ్‌కు మూడుకు చేరలేదు. డిఫెండర్ మీదకు దూసుకొచ్చి త్రీ వెయ్యనివ్వకుండా తరిమితే, రెండో డ్రిబుల్ తర్వాత అతని ఆట సాదాసీదా అవుతుంది. ఫౌల్స్ రాబట్టడు కాబట్టి షాట్ పడని రోజు ఫ్రీ త్రో లైన్ దగ్గర కాస్త ఊపిరి పీల్చుకునే వీలు కూడా ఉండదు. 2024 ఏప్రిల్‌లో సాక్రమెంటోతో ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడే) మ్యాచ్‌లో 10 షాట్లు వేశాడు, ఒక్కటీ పడలేదు, పాయింట్లు సున్నా. గోల్డెన్ స్టేట్ తరఫున అదే అతని చివరి మ్యాచ్. ఈ మాట రాయడానికి నువ్వు జంకావనిపించింది. రాయి. 2016లో ఓక్లహోమా సిటీ మీద ఓడితే ఇంటికే అన్న ఆరో మ్యాచ్‌లో 11 త్రీలతో 41 పాయింట్లు కొట్టినవాడూ అతనే. రెండూ ఒకే మనిషివి కాబట్టి రెండూ ఉండాలి.

ఇలాంటి గార్డ్‌కు ఇంకొకరు పాస్ ఇవ్వాలి, మరొకరు స్క్రీన్ పెట్టాలి. గోల్డెన్ స్టేట్‌లో స్టెఫెన్ కర్రీ, డ్రేమండ్ గ్రీన్ పక్కన ఉన్నంతకాలం క్లే డ్రిబుల్ చెయ్యకపోవడం టీమ్‌కు వరం. బంతి కోసం పేచీ లేదు, ఆట ఆగదు. 2024లో డల్లస్‌కు వెళ్లింది కూడా లూకా డాంచిచ్, కైరీ ఇర్వింగ్ లాంటి పాస్ ఇచ్చేవాళ్ల పక్కన ఆడడానికే. 2025 ఫిబ్రవరిలో లూకాను లేకర్స్‌కు పంపేశారు. మార్చిలో కైరీ మోకాలి లిగమెంట్ తెగింది. క్లే మారలేదు, చుట్టూ ఉన్న మనుషులు మారారు. అంతకుముందు ఎవరూ పట్టించుకోని లోటు అప్పుడు అందరి కళ్లకూ ఆనింది. కాబట్టి ‘బలహీనత’ అని రాసేముందు, ఏ టీమ్‌లో, ఎవరి పక్కన అని నిన్ను నువ్వే అడుగు.

గాయాల గురించి నువ్వు ఒక పేరా జాలిగా రాశావు. నాకూ బాధే. 2019 ఫైనల్స్‌లో మోకాలి లిగమెంట్ తెగాక కూడా తిరిగొచ్చి రెండు ఫ్రీ త్రోలు వేసి వెళ్లిన మనిషి. 2020 నవంబరులో మడమ దగ్గరి అకిలీస్ తెగింది. 2022 జనవరి 9న గానీ కోర్టులోకి రాలేదు. కానీ జాలితో ఆగకు, ఏది తిరిగొచ్చింది, ఏది రాలేదు అని చూడు. షాట్ తిరిగొచ్చింది: 2022–23లో 301 త్రీలు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. రానిది డిఫెన్స్‌లో పక్కకు జరిగే వేగం. గాయాలకు ముందు అవతలి టీమ్‌లో బంతి నడిపే పాయింట్ గార్డ్‌ను అతనే కాసేవాడు, కర్రీకి ఆ శ్రమ తప్పేది. ఆ పని తర్వాత మెల్లగా చేజారింది. శరీరం మీద ఆధారపడిన నైపుణ్యం ముందు పోతుంది, అలవాటు మీద నిలబడినది ఇంకొన్నాళ్లు ఉంటుంది. 20 ఏళ్ల కుర్రాడి ఎగురుడు చూసి మురిసిపోయి రాసేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకో.

భాష గురించి ఒకే మాట. ‘చెలరేగిపోయాడు’, ‘విరుచుకుపడ్డాడు’, ‘చుక్కలు చూపించాడు’ ఇవన్నీ క్రికెట్ పేజీల్లో అరిగిపోయాయి. అవి పెట్టిన చోటల్లా నువ్వు చూడడం మానేశావని పాఠకుడికి తెలిసిపోతుంది. తీసెయ్. స్క్రీన్, కర్ల్, క్లోజౌట్ (షూటర్ మీదకు డిఫెండర్ దూసుకురావడం) లాంటి మాటల్ని మాత్రం అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఏం జరుగుతుందో ఒక వాక్యంలో చూపించు. కోర్టులో మన పిల్లలు వాడే మాటలవే.

ఒక్క ఖాళీ మిగిలింది. బంతి లేనప్పుడు డిఫెన్స్‌లో అతనేం చేస్తాడో నీ వ్యాసంలో అసలు లేదు. దాడిలో మహా చురుగ్గా ఉండే అథ్లెటిక్ గార్డులు చాలామంది అక్కడ బంతినే చూస్తూ నిలబడిపోతారు, తమ మనిషి వెనక నుంచి బ్యాక్‌డోర్ కొట్టి వెళ్లేదాకా గమనించరు. ఎగరగలిగినవాడికి ఆలస్యమైనా బ్లాక్ కొట్టొచ్చులే అనే ధీమా ఉంటుంది, ఆ ధీమాయే కొంప ముంచుతుంది. క్లే గాయాలకు ముందు మ్యాచ్ ఒకటి, తర్వాతది ఒకటి పక్కపక్కన పెట్టుకుని, బంతి అవతలి వైపున ఉన్నప్పుడు అతని తల ఎటు తిరుగుతోందో, తన మనిషికీ బంతికీ మధ్య ఎక్కడ నిలబడుతున్నాడో రాసుకో. ఆ పేరా చేర్చి, జాబితాలు రెండూ తీసేసి, మళ్లీ పంపు. తొందరేం లేదు, సీజన్ పెద్దది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య