మొక్కజొన్న బెండు పైపును చేతితో తీర్చిదిద్దబోయే అబ్బాయికి

చిరంజీవి రఘుకు బాబాయి ఆశీస్సులు.

అమెరికాలో మిస్సోరీ నది ఒడ్డున ఉన్న వాషింగ్టన్ ఊరికి వెళ్ళి, పొగ తాగే బెండు పైపులు మూడు కొన్నావనీ, వాటిని నీ చేతులతో మార్చుకోవాలని ఉందనీ రాశావు. పొగ తాగమని నేను చెప్పను. నేను మానేసి చాలా ఏళ్ళయింది, ఈ చేతిపనిని మాత్రం మానలేకపోయాను.

మన ఊళ్ళో గింజలు ఒలిచి పొయ్యిలో పెట్టే బెండ్లు పనికిరావా అని అడిగావు. రావు. పైపుల కోసం లావుగా, గట్టిగా ఉండే బెండ్లనిచ్చే రకాన్ని ప్రత్యేకంగా పండించి, ఆ బెండ్లను ఏళ్ళ తరబడి ఆరబెడతారు. మనం ఉడికించి తినే పొత్తుల బెండుకు అంత మందం ఉండదు కనుక త్వరగా కాలి తూటు పడుతుంది.

నీకు రంగుల మీద మనసున్నట్టు తోస్తోంది, కానీ పని లోపలి నుంచి మొదలుపెట్టు. పొగాకు నింపే గిన్నెలోకి దీపం వేసి చూస్తే, నోటి గొట్టాన్ని బిగించే చెక్క కాడ కొస అడుగున లోపలికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. పొగాకు అడుగంటా కాలినప్పుడు ఆ కొస కూడా మాడి పొగ చేదెక్కుతుంది. కొందరు దాన్ని చాకుతో గీకేస్తారు. నేను మాత్రం చుట్ట బూడిదను జల్లించి, నీటిబొట్లతో విభూతి ముద్దలా కలిపి, గిన్నె అడుగున, కాడ రంధ్రం కింది అంచు వరకూ అద్దుతాను. అద్దే ముందు రంధ్రంలో పైపు తుడిచే దూది తీగను దూర్చి ఉంచకపోతే దారి పూడిపోతుంది. వేలు పట్టదు కనుక అగ్గిపుల్ల వెనుక కొసతో నొక్కి, రెండు మూడు రోజులు ఆరనివ్వు.

ఇక నోటి గొట్టం సంగతి. ప్లాస్టిక్ గొట్టం తీసి అక్రిలిక్‌ది పెట్టేటప్పుడు కాడను తొలవకు, గొట్టం కొసనే గరుకు కాగితంతో అరగదియ్యి. మొదట్లో నేను కరెంటు డ్రిల్లుతో కాడ రంధ్రం పెద్దది చేయబోయి, రెప్పపాటులో దాన్ని వదులు చేసుకుని, కాడనే పారేయవలసి వచ్చింది. రెండు చుట్లు రుద్దడం, పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం, అంతే. వెదురు కాడ కావాలంటే బాగా ఎండిన ముక్కను తీసుకుని, పిల్లనగ్రోవి చేసేవారిలా కాల్చిన ఇనుప ఊచతో కణుపుల్లోని అడ్డు తొలుచు.

పైమెరుగుకు వచ్చేసరికి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1869లో నువ్వు వెళ్ళిన ఆ వాషింగ్టన్‌లో ఈ పైపుల తయారీ మొదలుపెట్టిన హెన్రీ టిబ్బే అనే డచ్ వడ్రంగి, బెండు మీది గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపి నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంటు పొందాడు. నీ పైపుల మీదా ఆ పూత ఉంటే నీళ్ళలో నానబెట్టవద్దు. స్పిరిట్ తడిపిన గుడ్డతో వార్నిష్ తుడిచి, తోలుకు వేసే స్పిరిట్ రంగు పలచగా పూసి, ఆరాక తేనెమైనం రుద్దు. గిన్నె లోపల మాత్రం ఏ పూతా తగలకూడదు.

అన్నీ బిగించాక ఖాళీ పైపును పీల్చి చూడు. ఈల మోగితే గొట్టానికీ కాడకూ మధ్య ఎక్కడో సందు మిగిలిందన్నమాట. మొదటి పైపు పాడైనా పారేయకుండా సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, నీ చేయి ఎటు జారిందో దాన్ని చూసే చెప్పగలను.

ఇట్లు,
మీ బాబాయి